పిడుల మీద వాతలు

మార్చి 3, ఆదివారం

మా అద్దె గ్యారేజీకి పక్కదానిలో దొంగలు పడ్డారు. పాత సైకిళ్ళు బాగుచేసుకుంటూ కాలక్షేపం చేసే మాస్టారిది. షట్టర్‌ని ఒక మూల వంచి, స్పానర్లతో సహా ఊడ్చుకుపోయారు. ఒక్క గాలిపంపు మిగిల్చారు, అది కూడా కారేది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓదార్చాలని వెళ్ళి, "బీమా ఉందా మాస్టారూ?" అని అడిగాను.

"ఇంటికుందమ్మా" అన్నాడు.

ఇంటి బీమా ఇంట్లో ఉన్నవాటికేనట. రెండు వీధుల అవతల అద్దె గ్యారేజీలో పెట్టుకున్న వాటి ఊసు అందులో లేదట. అంటే మావీ అంతే. మామయ్య ఉలులు, రంపాలు, చిత్రిక పట్టే ఆ పెద్ద తోపడా, అన్నీ గాల్లో దీపాలే. ఆయన కొడుకులిద్దరికీ మేకు కొట్టడం చేతకాదు. కోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చిత్రిక పట్టడం నేర్పి పోయాడు. ఇప్పుడు అవి పోతే ఎవరు ఏడవాలి? మేమే.

కింది వాటాలోకి దిగి అక్కతో చెప్పాను. "తుప్పుపట్టిన ఇనుముని ఎవడెత్తుకెళ్తాడే? మాస్టారివంటే చక్రాలున్నాయి కాబట్టి పోయాయి" అని నవ్వింది. పదహారేళ్ళుగా నా తోటికోడలు. ఏ విషయమైనా నేను ముందు చెబితే ఆవిడకి నవ్వొస్తుంది.

బొటనవేలి కింద మళ్ళీ పొక్కు లేచింది.

మార్చి 5, మంగళవారం

పళ్ళ డాక్టరు దగ్గర అనుమతి తీసుకుని మధ్యాహ్నమే బయటపడ్డాను. రిసెప్షన్‌లో నేను లేకపోతే రోగులకి నొప్పి ఎక్కువవుతుందన్నట్టు ముఖం పెట్టాడు.

బీమా ఏజెంటు గ్యారేజీకి వచ్చాడు. మనిషి ఊరికే నవ్వుతుంటాడు. తాళం చూసి నవ్వాడు, బూజు చూసి నవ్వాడు. నవ్వులరాయుడు అని పేరు పెట్టుకున్నాను.

"ఇది వ్యాపారమా మేడమ్, సరదానా?"

"సరదాకే. ఇంతవరకు ఒక్క పీట కూడా అమ్మలేదు."

"అమ్మకండి. అమ్మితే లెక్క మారిపోతుంది." అక్కడితో ఆగొచ్చుగా. మేమిద్దరం సగం చేసిన మడత బల్ల వైపు చూసి, "అయినా దీన్నెవరు కొంటారు లెండి" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ బల్లకి రెండు రెక్కలు. ఒకటి అక్క చిత్రిక పట్టింది, ఒకటి నేను. నాది కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్న మాట నిజమే, కానీ చూసేవాడికి మర్యాద ఉండాలి.

షరతులు రెండు. షట్టర్‌కి తాళం వేసి ఉండాలి, వేయకుండా వెళ్ళినప్పుడు పోతే వాళ్ళకి సంబంధం లేదు. రెండోది, ప్రతి పనిముట్టు మీదా చెరగని గుర్తు ఉండాలి, పోయి దొరికితే మనదేనని తెలియడానికి.

"ఎవరి పేరు రాయమంటారు?"

"మా ఇద్దరివీ."

"అలాగే రాద్దాం. ఆవిడ కూడా సంతకం పెట్టాలి, అంతే. ఒక్కరి పేరైతే ఇప్పుడే అయిపోతుంది."

అక్కకి ట్యూషన్ పిల్లల పరీక్షలు. గురువారం దాకా ఇటు రాదు. గురువారం దాకా ఆగండి అంటే దొంగలు ఆగుతారా? నా పేరు రాయించేశాను. తాత్కాలికంగానే. ఎవరి పేరైతే ఏముంది.

మార్చి 6, బుధవారం

గుర్తులు పెట్టేశాను. లావుపాటి తీగని నా పేరులో మొదటి అక్షరంగా వంచి, స్టవ్ మీద ఎర్రగా కాల్చి, పిడి మీద అదిమి పట్టుకోవాలి. చుయ్యిమంటుంది. పాత కర్ర కదా, వాసన బాగుంది. మొదటి రెండూ వంకరగా వచ్చాయి, తర్వాత చెయ్యి కుదిరింది. ఉలులు, రంపాలు, బెజ్జాలు వేసే బర్మా, ఆకురాళ్ళు, అన్నీ అయ్యాక తోపడా మిగిలింది.

అది మామయ్య అక్క చేతిలో పెట్టాడు. పెట్టాడంటే, పోయేముందు ఆ రోజు అక్క పక్కన ఉంది కాబట్టి పెట్టాడు. నేను మందుల షాపుకి వెళ్ళాను. నేను ఉంటే నా చేతిలోనే పెట్టేవాడేమో, ఎవరికి తెలుసు. ఒక్కదాన్ని వదిలేస్తే దానికి బీమా వర్తించదు. అందుకని దానికీ పెట్టాను.

కాస్త గట్టిగా దిగింది.

మార్చి 7, గురువారం

చూసింది. ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

మార్చి 8, శుక్రవారం

అంది.

మెట్ల మీద పట్టుకుంది. నా చేతిలో రెండు సంచులు, పక్క వాటావాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు, అవేమీ ఆవిడకి పట్టలేదు.

"మామయ్య పిడుల మీద వాతలు పెట్టావేంటే?"

"వాతలు కాదక్కా, గుర్తులు. కంపెనీ వాళ్ళు పెట్టమన్నారు."

"కంపెనీ వాళ్ళు నీ పేరే పెట్టమన్నారా?"

"ఒక్కరి పేరే రాయాలన్నాడు. నువ్వు పరీక్షల గొడవలో ఉన్నావు."

"ఆ తోపడాని కూడా కాల్చావు. ఆయన రోజూ నూనె రాసి తుడిచేవాడు దాన్ని. కాల్చేటప్పుడు చెయ్యెలా వచ్చిందే నీకు? అవునులే, ఎడమచెయ్యి కదా."

అదిగో. ఎక్కడ తిరిగినా అక్కడికే వస్తుంది. నేను పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ వింటున్నాను. ఎడమచేత్తో ముగ్గు గిన్నె పట్టుకున్నా తప్పే, ఎడమచేత్తో ఉలి పట్టుకున్నా తప్పే. మామయ్య తన పనిముట్ల పిడులన్నిటికీ బొటనవేలు ఆనేచోట చిన్న గుంట చెక్కుకున్నాడు, కుడిచేతికి. అక్క చెయ్యి అందులో కొలిచినట్టు కూర్చుంటుంది. నాకు ఆ గుంట అంచు అరచేతిలో గుచ్చుకుంటుంది. ఇన్నేళ్ళుగా పొక్కులతో పనిచేస్తున్నానని ఎవరైనా ఒక్కసారి అడిగారా?

"సరే. నీ పేరున్నవన్నీ నీవే అన్నమాట" అంది.

"అన్నిటి మీదా ఉంది" అన్నాను. నోరు ఊరుకోలేదు.

"అన్నిటి మీదానా?" అని ఒకలా చూసి లోపలికి వెళ్ళింది.

మార్చి 11, సోమవారం

కారాలు మిరియాలు నూరుతోంది. పొద్దున నేను మెట్లు దిగుతుంటే తలుపు వేసుకుంది. వేసుకోవడం కాదు, నా మొహాన వేసింది. సాయంత్రం నా బట్టలు తాడు మీదనుంచి కింద పడితే, తన బట్టలు తీసుకుని, నావి దాటుకుంటూ వెళ్ళింది. పైనుంచి చూశాను.

ఈయనతో చెప్పాను. పేపర్లోంచి తల ఎత్తకుండా, "మీ ఇద్దరి మధ్యకి నేనొస్తే నన్ను కూడా చిత్రిక పట్టేస్తారు" అన్నాడు. బావగారు కూడా ఇలాంటి జోకే వేసి ఉంటాడు కింద. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే జోకు.

నేనేం తప్పు చేశాను? కాపాడాలని చూశాను. రేపు దొంగ పడితే ఆవిడ నవ్వు అడ్డుపడుతుందా?

మార్చి 13, బుధవారం

గ్యారేజీకి వెళ్ళాను. ఒక్కదాన్నే. అక్క సానరాయి ఎండిపోయి ఉంది. కాసేపు ఊడ్చి వచ్చేశాను. ప్రశాంతంగా ఉంది నిజానికి.

మార్చి 16, శనివారం

దొంగతనం జరిగింది.

తాళం వేసింది వేసినట్టే ఉంది. షట్టర్ ఎత్తాను. పని బల్ల మీద పిడులు వరసగా పేర్చి ఉన్నాయి, చిన్నవి ముందు, పెద్దవి వెనక, అక్షరాలన్నీ పైకి కనిపించేలా. ఇనుము లేదు. ఉలుల పదును లేదు, రంపాల పళ్ళు లేవు. ఉత్త పిడులు. తోపడా మొద్దు మొద్దంతా పోయింది, దాని పిడి మాత్రం చివర్లో విడిగా పెట్టి ఉంది. బల్ల తుడిచి ఉంది. పొట్టు కూడా ఎత్తి ఉంది.

ఇనుము మీద నేను గుర్తు పెట్టలేదు.

నవ్వులరాయుడికి ఫోన్ చేసి దొంగలు పడ్డారని చెప్పాను. దొంగలు కాక మరేంటి? నా పేరున బీమా ఉన్న వస్తువులు, నాకు చెప్పకుండా పోయాయి. తెలుగులో దానికి ఒకటే మాట.

మార్చి 17, ఆదివారం

కింద ఏదో గరగరమంటోంది పొద్దుటినుంచి. గచ్చు తోముకుంటోందేమో మహాతల్లి.

మార్చి 18, సోమవారం

కంపెనీ మనిషి వచ్చాడు. పొడుగ్గా, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, ఏదీ నమ్మని మనిషి. తాళం చూశాడు, షట్టర్ అంచులు తడిమి చూశాడు, తర్వాత బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"మీరు గుర్తుపెట్టిన వస్తువులు ఇవేనా?"

"అవును."

"అన్నీ ఉన్నాయిగా మరి."

"పిడులున్నాయండీ. పనిముట్లు పోయాయి."

"దొంగ తాళం తీసుకుని వచ్చి, కూర్చుని, ఒక్కొక్క పిడీ ఊడదీసి, బల్ల తుడిచి, మళ్ళీ తాళం వేసి వెళ్ళాడంటారు." కళ్ళజోడు కిందికి దించాడు. "ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నానమ్మా ఈ ఉద్యోగం. ఇంత శుభ్రమైన దొంగని చూడలేదు. ఇంకో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

చెప్పకపోవచ్చు. పోయిందనొచ్చు.

"మా తోటికోడలి దగ్గర" అన్నాను.

రాసుకున్నాడు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, శుక్రవారంలోగా ఆ నకలు తనకి ఇవ్వమన్నాడు. లేకపోతే దొంగతనం కింద తీసుకోడట. "ఎవరి మీద అనుమానమో కూడా రాయాలి, ఖాళీగా వదలకూడదు" అన్నాడు. శుక్రవారం ఆవిడని కూడా కలుస్తాడట.

ఆవిడే కదా మొదలుపెట్టింది.

మార్చి 19, మంగళవారం

ఈయనకి తెలిసిపోయింది. పేపరు కింద పడేశాడు, మొదటిసారి.

"వదిన మీద దొంగతనం కేసు పెడతావా? మతి ఉండే మాట్లాడుతున్నావా? నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెలరోజులు ఎవరు చేశారు నీకు?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అప్పుడు ఆవిడకి నా మీద జాలి. జాలి పడ్డానికి ఆవిడెప్పుడూ ముందుంటుంది. సమానంగా నిలబడితేనే ఓర్వలేదు."

"నాకు అన్నయ్య ముఖం ఎలా చూపించాలి?"

"చూపించకండి. ఇప్పుడు మాత్రం ఏం చూపిస్తున్నారు, పేపరు అడ్డం పెట్టుకుని."

అన్నం తినకుండా పడుకున్నాడు. పడుకోనీ. కింద ఆ గరగర సాయంత్రం దాకా ఆగలేదు. ఎంత గచ్చుందని ఆ ఇంట్లో.

మార్చి 20, బుధవారం

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. చాలా రద్దీగా ఉంది. వచ్చేశాను.

మార్చి 21, గురువారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఎవరూ లేరు, రైటరు ఒక్కడే ఉన్నాడు. "చెప్పండమ్మా, ఏం పోయింది?" అన్నాడు. పెన్ను కూడా తీశాడు. డాక్టరు దగ్గరికి టైమైపోతోందని గుర్తొచ్చింది. వచ్చేశాను.

మార్చి 22, శుక్రవారం

అక్క ముందుగదిలో అందరం. కంపెనీ మనిషి, నవ్వులరాయుడు, గోడకి ఆనుకుని నేను. అక్క కుర్చీ తుడిచి మరీ వాళ్ళని కూర్చోమంది. నన్ను అనలేదు.

కంపెనీ మనిషి అడిగాడు. నేననుకున్నాను, ఇప్పుడు గొడవ మొదలవుతుంది, మామయ్య చేతిలో పెట్టిన సంగతి, వాతల సంగతి, నా ఎడమచెయ్యి సంగతి అన్నీ బయటికొస్తాయి అని. నేను కూడా సిద్ధంగా ఉన్నాను. మెట్ల మీద రెండుసార్లు మనసులో చెప్పుకుని మరీ దిగాను.

"దొంగతనమేంటండీ?" అంది అక్క. "పిడులు పాతబడ్డాయి. కొత్తవి చేసి వేస్తున్నాను. ఇనుము వంటగదిలో ఉంది, కావాలంటే చూడండి."

"మరి ఈవిడకి చెప్పలేదా?"

"ఒకే ఇంట్లో ఉంటాం. చెప్పేదేముంది."

"పనిముట్లు ఎవరివి?"

"ఆమెవే" అంది, నావైపు చూడకుండా. "బీమా ఆమె పేరు మీదేగా ఉంది. మీ కంపెనీ ఒక్కరి పేరే రాయాలందట."

నవ్వులరాయుడు నవ్వడం ఆపాడు. "అయ్యో, మేమెందుకంటామండీ? రెండు పేర్లూ రాద్దామనే అన్నాను. గురువారం మీరొచ్చి సంతకం పెడితే సరిపోయేది. మేడమే తొందరగా కావాలన్నారు."

అక్క ఇప్పుడు చూసింది నావైపు. కోపంగా చూసినా బాగుండేది.

"చిన్నావిడకి తొందరెక్కువ లెండి" అంది వాళ్ళతో. లేచి తలుపు తీసింది.

కంపెనీ మనిషి మెట్ల దగ్గర ఆగి, "ఫిర్యాదు ఇవ్వలేదుగా మీరు?" అని అడిగాడు. లేదన్నాను. "మంచిదైంది" అని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 23, శనివారం

ఒక్కరి పేరే రాయాలన్నాడనే నాకు గుర్తు. అలాగే గుర్తు.

మార్చి 27, బుధవారం

తలుపు తీస్తే గుమ్మం ముందు గోనెసంచి. పైన గ్యారేజీ తాళంచెవి, ఆవిడది.

అన్నీ ఉన్నాయి. కొత్త పిడులు, నున్నగా, నూనె పట్టించి. కానీ అన్నీ వంకరే. బొటనవేలి గుంట ఉండాల్సిన చోట లేదు, అవతల పక్కకి పోయింది. రంపం పిడి అయితే మొత్తం అటు తిరిగి ఉంది. ఈయన్ని పిలిచి పట్టుకుని చూడమన్నాను. రెండు మూడు తిప్పి చూసి, "చేతిలో నిలవట్లేదే" అన్నాడు.

చూశారా? ఇదీ ఆవిడ మంచితనం. అందరి ముందూ దేవతలా మాట్లాడి, వెనకనుంచి పనిముట్లు పాడుచేసింది. నాకైతే నవ్వొచ్చింది. ఇంత కక్ష ఉన్న మనిషి ఎక్కడా ఉండదు.

మార్చి 28, గురువారం

గ్యారేజీకి తీసుకెళ్ళాను. ఎంత పాడుచేసిందో చూద్దామని పెద్ద ఉలి తీసి చెక్క మీద పెట్టాను. అలవాటుగా ఎడమచేత్తో.

కూర్చుంది. బొటనవేలు వెళ్ళి ఆ గుంటలో తనే పడుకుంది. చిటికెనవేలు నాకు కాస్త పొట్టి, దానికి కూడా పిడి చివర సన్నగా తీసింది. ఇంకొకటి తీశాను. రంపం తీశాను. తోపడా తీశాను. అన్నీ ఎడమచేతివే. నా చేతివే. నా చెయ్యి కొలిచినట్టు ఎప్పుడు చూసింది ఈవిడ?

మధ్యాహ్నం దాకా బల్ల రెక్క చిత్రిక పట్టాను, నాది, ఎత్తుపల్లాలది. సాఫుగా వచ్చింది. ఏడ్చాను. పొట్టులో కూర్చుని ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 29, శుక్రవారం

తోపడా తీసుకుని కిందికి వెళ్ళాను. తలుపు సగమే తీసింది.

"అక్కా, ఇదైనా నీ దగ్గర ఉంచుకో. మామయ్య నీ చేతిలో పెట్టింది."

తీసుకుంది. కుడిచేత్తో పట్టుకుని చూపించింది. పిడి అరచేతిలో అడ్డంగా నిలబడింది, పట్టు దొరకలేదు.

"చూడు. నాకు కూర్చోదు" అంది. "నీ కంపెనీ వాళ్ళ గుర్తు కంటే గట్టి గుర్తు పెట్టాను. ఇంక ఎవరూ నావి అనలేరు. నేను కూడా అనలేను. సరేనా?"

"అక్కా, నేను తాత్కాలికంగానే..."

"చాల్లే. మామయ్యకి చెప్పాను నేను, ఆయన ఉన్నప్పుడే. చిన్నదానికి చెయ్యి పొక్కులెక్కుతోంది, దానికి వేరే పిడులు చేద్దాం అని. నువ్వు చెయ్యి అంటే నువ్వు చెయ్యి అనుకుంటూ ఉండిపోయాం. ఇప్పుడు చేశాను. తీసుకుపో."

తోపడా నా చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. ఈసారి చప్పుడు కాకుండా వేసింది. చప్పుడైతేనే బాగుండేది.

ఏప్రిల్ 2, మంగళవారం

నవ్వులరాయుడు ఫోన్ చేశాడు. కొత్త పిడుల మీద గుర్తులు వేశారా మేడమ్ అని. వేయలేదన్నాను. ఆవిడ పేరు ఇప్పుడైనా చేర్చుదామా, సంతకం పెడితే చాలు అన్నాడు. పెట్టదు అన్నాను. నవ్వాడు. ఫోన్ పెట్టేశాను.

తాళంచెవి మూడుసార్లు ఆవిడ తలుపు కిందనుంచి తోశాను. మూడుసార్లూ మా గుమ్మం ముందు ప్రత్యక్షమైంది. మొండితనంలో మాకు మేమే సాటి. ఈయన దాన్ని తొక్కి కాలు నొప్పి చేసుకున్నాడు.

ఏప్రిల్ 4, గురువారం

పాత పిడి మీద అక్షరం పోతుందేమోనని గీకుతున్నాను. తోపడాది. వాత లోతుగా దిగింది. గీకినకొద్దీ పిడి సన్నబడుతోంది.

ఏప్రిల్ 6, శనివారం

పోయింది. దగ్గరగా చూస్తే మచ్చ తెలుస్తుంది, అంతే. పిడి కాస్త సన్నబడింది, గుంట మాత్రం అలాగే ఉంది. అక్క చేసిన కొత్త పిడి ఊడదీసి, కాగితంలో చుట్టి, నా సంచిలో పెట్టుకున్నాను. పాతది మళ్ళీ బిగించాను. నేను పట్టుకుంటే గుచ్చుకుంది. సరిగ్గా ఉందన్నమాట.

దాన్ని బల్ల మీద పెట్టాను, అక్క నిలబడే వైపు. సానరాయి మీద నీళ్ళు పోశాను. రెండు రెక్కలూ పక్కపక్కన నిలబెట్టి చూశాను. ఆవిడ రెక్కకి ఒక అంచు మిగిలిపోయింది. అది నేను ముట్టుకోను.

సాయంత్రం ఇంటికి వచ్చేముందు షట్టర్ దించాను. తాళం వేయలేదు, తీసి సంచిలో వేసుకున్నాను. మాస్టారు తన కుర్చీలోంచి చూసి, "తాళం మర్చిపోతున్నావమ్మా, బీమా రాదు" అని కేకేశాడు.

"తెలుసు మాస్టారూ. మా అక్క దగ్గర తాళంచెవి లేదు" అన్నాను.